టిల్డె గదికి నీలం

మా అక్క విబెకె, వాళ్ళాయన ఆస్గర్ విడిపోయినప్పుడు ఎవరూ ఎవరినీ మోసం చెయ్యలేదు. నన్నడిగితే అదే చిక్కయింది. తప్పు చేసినవాళ్ళు ఎక్కడో ఒకచోట సిగ్గుపడి తగ్గుతారు. వీళ్ళలో ఎవరూ తప్పు చెయ్యలేదు గనక ఎవరికీ తగ్గాల్సిన అవసరం రాలేదు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, టిల్డె. అప్పటికి దానికి పన్నెండేళ్ళు. పిల్ల సంచి భుజాన వేసుకుని ఈ ఇంటికీ ఆ ఇంటికీ తిరగకూడదని, ఫ్లాటు పిల్లకే ఉంచి తామే తిరగాలని అనుకున్నారు. ఒక వారం అక్క ఉంటుంది, ఒక వారం ఆస్గర్ ఉంటాడు. ఆదివారం సాయంత్రం మారతారు. తన వారం కానప్పుడు అక్క మా ఇంట్లో వెనకగదిలో పడుకునేది. ఆస్గర్ వంతెన అవతల నోరెసుండ్‌బిలో ఎవరిదో నేలమాళిగలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. మా ఊరు ఆల్బోర్గ్‌లో తెలిసినవాళ్ళంతా ఎంత పెద్దమనసో అని మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

కానీ మొగుడూ పెళ్ళాలుగా ఉండలేని ఇద్దరు ఒకే ఫ్రిజ్ వాడుకుంటూ ఎలా ఉంటారు? అక్క వారం మొదలవగానే నాకు ఫోను వచ్చేది. "జున్ను మొత్తం ఒకవైపే కోసి గుంట చేసి పెట్టాడే హెల్లె. చిన్నపిల్లలకి కూడా తెలుసు, సమంగా కొయ్యాలని." ఆస్గర్ నాకు ఫోను చెయ్యడు, దారిలో కనిపిస్తే చెబుతాడు. "మీ అక్కకి చెప్పు, స్నానాలగది తూములో ఆమె జుట్టు తియ్యడానికి నేను జీతగాణ్ణి కాదని." ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం వాళ్ళు ఎప్పుడో మానేశారు. ఏది చెప్పాలన్నా నా చెవిలోంచి పోవాలి, లేకపోతే టిల్డె చెవిలోంచి.

ఇలా రెండేళ్ళు గడిచాక, చలికాలం మొదట్లో పై అంతస్తు వాళ్ళ గొట్టం పగిలి టిల్డె గదిలో గోడంతా ఉబ్బిపోయింది. పాత గోడకాగితం మీద నక్కల బొమ్మలుండేవి. అది ఊడిపోయింది. బిల్డింగ్ వాళ్ళు వచ్చి మిషను పెట్టి గోడ ఆరబెట్టి, లప్పం పెట్టి, తెల్లటి ప్రైమర్ కొట్టి, రంగు మీ ఇష్టం అని పోయారు. టిల్డె పరుపు హాల్లో సోఫా మీదికి వచ్చింది.

"ఏ రంగు కావాలి?" అని నేను అడిగితే అది ఫోనులోంచి తల ఎత్తకుండా, "నీలం" అంది.

ఆ మాట అక్కకీ చెప్పింది, ఆస్గర్‌కీ చెప్పింది. ఇద్దరూ విడివిడిగా రంగుల షాపుకు వెళ్ళారు. ఇద్దరికీ తమ కంటి మీద మహా నమ్మకం. అక్క కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. ఎవరి మొహానికి ఏ ఫ్రేము అతుకుతుందో గుమ్మంలోంచే చెప్పేస్తుంది. ఆస్గర్ కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పనిచేస్తాడు. పక్క పన్ను తెలుపుకి ఈ పన్ను తెలుపు కలిసేలా చూడటమే అతని రోజంతా పని.

ఆ ఆదివారం అక్క సామాన్లు నా కారులో వేసుకుని నేనే దింపడానికి వెళ్ళాను. ఆస్గర్ ఇంకా వెళ్ళలేదు. టిల్డె గదిలో బ్రష్‌తో నిలబడి ఉన్నాడు. గోడ మీద కిటికీ రెక్కంత మేర నీలం పూసి ఉంది.

"ఏంటది?" అంది అక్క.

"రంగు."

"కళ్ళున్నాయి, కనపడుతోంది. నిన్నెవరు పుయ్యమన్నారు?"

"టిల్డె నీలం అడిగింది, తెచ్చాను. నీ చేతిలో డబ్బా ఏంటి?"

అక్క కోటు కూడా విప్పకుండా డబ్బా మూత లేపి, సంచిలోంచి తన బ్రష్ తీసి, అతను పూసిన దాని పక్కనే అంత మేర పూసింది. ఇద్దరూ రెండడుగులు వెనక్కి జరిగారు. నేనూ జరిగాను. నిజం చెప్పాలంటే నాకు రెండు నీలాలు కనపడలేదు. ఒకటే నీలం, ఒకచోట తడిగా, ఒకచోట పొడిగా.

"చూశావా," అంది అక్క నాతో. "వాడిది దెబ్బ తగిలి కమిలిన చర్మంలా ఉంది."

"మీ అక్కది బూజు పట్టిన రొట్టెలా ఉంది," అన్నాడు ఆస్గర్, అతనూ నాతోనే.

"పళ్ళకి రంగు వేసుకునేవాడికి గోడల సంగతి ఏం తెలుస్తుందిలే."

"తెలుపులోనే పదహారు రకాలు చూసి చెప్పగలను నేను. కళ్ళజోడు పెట్టుకుని చూసేది కొనుక్కున్నవాళ్ళు, అమ్మేవాళ్ళు కాదు. మీ అక్కకి ఆ తేడా చెప్పు."

"నాకే చెప్పు. ఎదురుగానే ఉన్నాను. అన్నీ చెవిలో ఊదించుకోవడం అలవాటైపోయింది నీకు."

"నీతో మాట్లాడితే ఏమవుతుందో రెండేళ్ళ కిందట కోర్టు కాగితం మీదే రాసిచ్చారు."

టిల్డె హాల్లో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. చెవుల్లో ఏదో పెట్టుకుంది. పాట వస్తోందో లేదో నాకు తెలియదు.

ఆస్గర్ తన డబ్బా తీసుకెళ్ళి బాల్కనీలో పెట్టాడు. అక్క తనది స్నానాలగదిలో బేసిను కింద పెట్టింది. ఆ తర్వాత వారాలు గడుస్తున్నా గది అలాగే ఉంది. మంచం మీద ప్లాస్టిక్ షీటు, గోడ మీద పక్కపక్కన రెండు నీలం మచ్చలు. అక్క నాలుగు వేళలా వెళ్ళి వాటిని చూసొచ్చేది. పొద్దున్న వెలుతురులో ఒకలా ఉంటాయట, మబ్బు పట్టినప్పుడు ఒకలా ఉంటాయట. మా ఇంట్లో ఉన్న వారం కూడా ఆ గొడవే. ఒకరోజు అన్నం దగ్గర, "నువ్వు చెప్పు, నిజంగా ఏది బాగుంది?" అని నిలదీసింది.

"నాకు రెండూ ఒకలాగే ఉన్నాయి అక్కా."

"ఒకలాగే ఉన్నాయంటే వాడివైపు మాట్లాడినట్టే."

"ఎలా?"

"తేడా లేదంటే, నేను ఊరికే గొడవ చేస్తున్నట్టు కాదూ? వాడు అనేదీ అదే."

ఆ వారం మిగిలిన రోజులన్నీ మా ఇంట్లోనే తిరుగుతూ నాతో మాట్లాడలేదు. అలమరా తలుపులు మాత్రం మాట్లాడేవి.

తర్వాత వచ్చిన ఆదివారం ఆస్గర్ మమ్మల్ని గుమ్మంలోనే ఆపాడు. కోటు వేసుకుని వెళ్ళడానికి తయారుగా ఉన్నాడు. మొహంలో ఎప్పుడూ లేని కులాసా కనపడింది.

"టిల్డెని అడిగాను. నా రంగే బాగుందంది. మళ్ళీ నా వారం రాగానే పూసేస్తున్నాను. ఇక మాట్లాడేదేం లేదు."

అక్క నవ్వింది. ఆ నవ్వు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, దాని తర్వాత ఎవరికో ఒకరికి నష్టం జరుగుతుంది. "టిల్డెని నేనూ అడిగాను. నాది బాగుందని నాతో చెప్పింది. నువ్వడక్క ముందే."

ఇద్దరూ సోఫా వైపు తిరిగారు. టిల్డె ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని నల్లరొట్టె మీద లివర్ పేస్టు రాసుకుని తింటోంది.

"చెప్పు తల్లీ, నాన్నకి చెప్పు నువ్వేమన్నావో," అంది అక్క. "భయపడకు."

"ఎవరికి భయపడాలి?" అన్నాడు ఆస్గర్. "నేనేమన్నా కొడతానా? దాని నోట్లో మాటలు కుక్కడం మానెయ్."

"కుక్కేదెవరో దానికే తెలుసు."

టిల్డె నములుతున్న ముక్క మింగింది. "నువ్వు అడిగినప్పుడు నీది బాగుందన్నాను. నాన్న అడిగినప్పుడు నాన్నది బాగుందన్నాను."

"అంటే నాతో అబద్ధం చెప్పావా?" అన్నారు ఇద్దరూ. వాళ్ళిద్దరి నోటా ఒకే మాట ఒకేసారి రావడం, విడిపోయాక నేను విన్నది అదొక్కసారే.

టిల్డె పళ్ళెం బల్ల మీద పెట్టి, బూట్లు వేసుకుని, కిందికి వెళ్ళిపోయింది. వెనకాల వాళ్ళు మొదలుపెట్టారు. పిల్లకి అబద్ధాలు నేర్పింది నువ్వంటే నువ్వని, అసలు ఆ గుణం ఎవరి తల్లినుంచి వచ్చిందని. నేను పిల్ల వెనకే దిగాను. సైకిళ్ళు పెట్టే షెడ్డులో, ఎవరిదో పాత సైకిలు వెనక సీటు మీద కూర్చుని ఉంది.

"పిన్నీ, ఆ రెండిట్లో తేడా నీకు కనపడుతోందా?"

"లేదే."

"నాకు కనపడుతోంది. అమ్మది కొంచెం ఆకుపచ్చ కలిసినట్టు ఉంటుంది. నాన్నది కొంచెం వంగపండు రంగు కలిసినట్టు. నాకు రెండూ అక్కర్లేదు."

"నువ్వే కదా నీలం అన్నావు?"

"ఏదో ఒకటి చెప్పకపోతే వదలరుగా."

"మరి ఆ మాట వాళ్ళకి నేను చెప్పనా?"

అది తల అడ్డంగా ఊపింది. "వద్దు. చెబితే ఇంకో రంగు కోసం మళ్ళీ మొదలుపెడతారు. ఇదైతే ఎప్పటికో అయిపోతుంది."

నేను చెప్పలేదు. దాని చేతులు చల్లబడిపోయి ఉంటే నా గ్లవ్స్ ఇచ్చాను. కాసేపు ఇద్దరం అక్కడే ఉన్నాం. పైకి వెళ్ళేసరికి ఆస్గర్ వెళ్ళిపోయాడు. అక్క ఆ జున్ను గుంటను కత్తితో సమం చేస్తోంది, గోడతో పోట్లాడుతున్నట్టు.

ఆస్గర్ వారం వచ్చింది, గడిచింది. మళ్ళీ ఆదివారం మేం వెళ్ళేసరికి అతను ముందే వెళ్ళిపోయాడు. గదిలో నాలుగు గోడలూ నీలంగా ఉన్నాయి. అంచులకు టేపు వేసి, రెండు కోట్లు కొట్టి, టేపు తీసి, నేల తుడిచి మరీ వెళ్ళాడు. ఎక్కడా ఒక్క చుక్క లేదు. అతని పని ఎప్పుడూ అంతే శుభ్రం. అక్కకి అది కూడా ఒక కోపం.

అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. "పూసేశాడు," అంది. "చెప్పాపెట్టకుండా వాడి రంగు పూసేశాడు. చూడు ఆ మూల. అదే వంగపండు కాంతి."

"అమ్మా, అయిపోయిందిగా," అంది టిల్డె. "ఇవాళ నా మంచం మీద పడుకుంటాను."

"ఇంకొక్కరోజు సోఫా మీద పడుకో. రేపు అంతా సరిచేస్తాను."

టిల్డె ఏదో అనబోయి ఊరుకుంది. వెళ్ళి సోఫా మీద దుప్పటి సర్దుకుంది.

మర్నాడు అక్క సెలవు పెట్టింది. నన్ను కూడా రమ్మంది. వెళ్ళకపోతే ఇంకో నెల అలమరా తలుపులు వినాలి కాబట్టి వెళ్ళాను. టిల్డె స్కూలుకి పోయాక మంచం మధ్యలోకి లాగి, షీటు కప్పి, బేసిను కింద నుంచి అక్క డబ్బా తీశాను. సగానికి పైగా ఖాళీ అయినట్టు తేలిగ్గా ఉంది.

"ఇది తేలిగ్గా ఉందేంటి అక్కా?"

"నమూనాకి వాడాం కదా. నీకు ప్రతిదానికీ ప్రశ్నలే."

రోలర్లు తీసుకుని మొదలుపెట్టాం. తడి రంగు గోడ మీద చిక్కగా, స్పష్టంగా వేరేగా కనపడింది. అక్క మొహం విప్పారింది. "చూడు తేడా. ఇప్పుడు గది ఊపిరి పీల్చుకుంటోంది. వాడి రంగు కింద పిల్ల నిద్రపోతే పీడకలలొస్తాయి." పని చేస్తున్నంతసేపూ అతన్ని తిడుతూనే ఉంది. పెళ్ళికి వేసుకొచ్చిన బూట్ల దగ్గర నుంచి మొదలుపెట్టి వరసగా వచ్చింది. రోలరు కూడా ఆ తిట్ల లయకే ఆడింది. పెద్ద గోడలో సగం, కిటికీ దాకా, అయ్యాక ఆగి కాఫీ తాగడానికి వంటింట్లోకి వెళ్ళాం. రొట్టె తిన్నాం. ఇంకో కప్పు తాగాం.

తిరిగి వచ్చేసరికి గోడ చాలావరకు ఆరింది. అక్క రోలరు చేతిలోకి తీసుకుని, ఎక్కడ ఆపామా అని చూసింది. నేనూ చూశాను. ఎక్కడ ఆపామో తెలియలేదు.

కర్టెను పూర్తిగా లాగింది. గోడకి చెంప ఆనించి పక్కనుంచి చూసింది. టేబులు దీపం తెచ్చి దగ్గరగా పట్టుకుంది. కొత్తదానికీ పాతదానికీ మధ్య గీత లేదు. తర్వాత బాల్కనీలోకి వెళ్ళి ఆస్గర్ డబ్బా తెచ్చి మూత తెరిచింది. నిండుగా ఉంది, నమూనాకి తీసిన కాస్త తప్ప. చలికి, మూత సరిగ్గా పడక, పైన రంగు ఆరి దళసరిగా తోలు కట్టి ఉంది.

అక్క నేల మీద కూర్చుంది. ఇప్పుడు నవ్వుతుందనుకున్నాను. తనతోపాటు నవ్వడానికి నేను తయారుగా ఉన్నాను, నిజానికి నాకు అప్పటికే వస్తోంది.

"నన్ను పిచ్చిదాన్ని చేశాడు," అంది.

"నీ రంగే పూశాడు కదా అక్కా, పాపం."

"పాపమా? చెప్పకుండా పూశాడు. నేను వచ్చి తిడతానని తెలుసు, మళ్ళీ పూస్తానని తెలుసు. కావాలనే చేశాడు. నేను ఇలా నేల మీద కూర్చోవాలని చేశాడు."

ఆస్గర్‌కి ఫోను చేసింది. స్పీకరు పెట్టింది, నేను సాక్ష్యం ఉండాలి కాబట్టి. అవతల ఏదో చిన్న మిషను గిర్రున తిరుగుతున్న చప్పుడు వినిపించి, ఆగింది.

"నా డబ్బా ఎందుకు ముట్టుకున్నావు?"

"నీ రంగే పూశాను. ఇంకేం కావాలి నీకు?"

"నీది ఏమైంది?"

"తోలు కట్టేసింది. ఇంకోటి కొనడం దండగ. పిల్ల నెలల తరబడి సోఫా మీద పడుకుంటోంది, ఆ సంగతి నీకు గుర్తుందో లేదో."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే గెలిచానంటావు. ఆ మాట నీ నోటి నుంచి వినడం నాకిష్టం లేదు."

"అంటానని నీకెలా తెలుసు?"

"నీతో పద్నాలుగేళ్ళు కాపురం చేశాను కాబట్టి తెలుసు. ఇంతకీ ఏమైంది? ఎక్కడన్నా బాగా పడలేదా?"

అక్క గోడ వైపు చూసింది. ఫోను పెట్టేసింది. "వాడితో ఈ సంగతి అన్నావంటే నీ గుమ్మం తొక్కను," అని నాకు వేలు చూపించింది. తర్వాత రోలరు తీసుకుని మిగిలిన సగం గోడ కూడా పూసింది, అదే రంగు మీద అదే రంగు. నన్నూ పుయ్యమంది. మిగిలిన మూడు గోడల దగ్గరికి వచ్చేసరికి డబ్బా అడుగు కనిపించి ఆపాం.

టిల్డె స్కూలు నుంచి వచ్చేసరికి గది కిటికీ తెరిచి ఉంది, వాసన పోవాలని. గుమ్మంలో నిలబడి తడి గోడని చూసింది.

"మళ్ళీ పూశారా? అదే రంగుగా."

"ఎవరు చెప్పారు నీకు?" అంది అక్క.

"ఎవరు చెప్పాలి? నాన్న పూస్తున్నప్పుడు డబ్బా పట్టుకున్నది నేనే."

"మరి నిన్న నాకు చెప్పలేదేం?"

"నాన్న చెప్పొద్దన్నాడు. నువ్వు కూడా నన్ను అడగలేదు. వచ్చీ రాగానే 'వాడి రంగు' అన్నావు."

"ఓహో, ఇద్దరూ కలిసి నా మీద కుట్ర చేశారన్నమాట."

టిల్డె చాలాసేపు అమ్మ వైపు చూసింది, అంతే. ఆ చూపులో కోపం కూడా లేదు. ఎవరో తెలియని మనిషిని బస్సులో చూసినట్టు చూసింది. నాకు భయమేసింది.

ఆ వారాంతంలో అది ఇద్దరికీ కబురు పెట్టింది, ఆదివారం ఇద్దరూ ఒకేసారి ఉండాలని. నన్ను కూడా ఉండమంది. ఇద్దరూ హాల్లో కోట్లు విప్పకుండా, ఈ గోడ దగ్గర ఒకరూ ఆ గోడ దగ్గర ఒకరూ నిలబడ్డారు. టిల్డె సోఫా మీద కూర్చోలేదు, దాని వెనక చెయ్యి ఆనించి నిలబడింది.

"ఈ ఫ్లాటు అమ్మెయ్యండి," అంది. "చెరొక ఇల్లు తీసుకోండి. సంచి నేనే మోసుకుంటాను."

"ఇదంతా నీకోసమే చేశాం టిల్డె," అంది అక్క.

"తెలుసు. ఆపెయ్యండి."

నేననుకున్నాను, కనీసం ఆ మాటకి ఇద్దరూ ఒక్క నిమిషం ఆగుతారని. ఆస్గర్ మొహం తెల్లబోయింది, అక్క పెదవి వణికింది. ఆ నిమిషం రాబోయినట్టే ఉంది. కానీ ఆస్గర్ అక్క వైపు తిరిగాడు.

"ఇది నువ్వు నేర్పించిన మాటే కదా? ఇల్లు అమ్మాలని నీకు మొదట్నుంచీ ఉంది."

"నాకా? నేలమాళిగలో ఉండలేక ఏడుస్తున్నది ఎవరు? నీ సలహాయే ఇది. పిల్ల నోటితో చెప్పిస్తున్నావు."

టిల్డె వంటింట్లోకి వెళ్ళి రొట్టె కోసుకుంది. నేనూ వెళ్ళాను. "మాట్లాడాల్సింది అయిపోయింది పిన్నీ," అంది. "వాళ్ళు మాట్లాడుకోనీ."

వసంతంలో ఫ్లాటు అమ్ముడైంది. అమ్మకానికి ముందు ఏజెంటు మనుషుల్ని పెట్టి అన్ని గదులూ తెల్లగా చేయించాడు. కొనేవాళ్ళు నీలం చూస్తే వెనకాడతారట. ఆస్గర్ నోరెసుండ్‌బిలోనే, వంతెన కనపడేలా రెండు గదుల ఇల్లు తీసుకున్నాడు. అక్క ఇవతల, మా ఇంటికి రెండు వీధుల దూరంలో తీసుకుంది. రెండు ఇళ్ళలోనూ టిల్డెకి గది ఉంది. ఏ రంగు కావాలని ఇద్దరూ అడిగారు. ఎలా ఉంటే అలా ఉంచమంది.

వాళ్ళు ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. పళ్ళకి క్లిప్పులు వెయ్యించాలా వద్దా, వేసవి సెలవుల్లో ఏ వారం ఎవరిది, చలికోటు కొనాల్సింది ఎవరు. అక్క ఎవరికైనా ఆ రంగు సంగతి చెప్పాల్సి వస్తే, "మా ఆయన నన్ను హేళన చెయ్యడానికి నా రంగే దొంగతనంగా పూశాడు" అని చెబుతుంది. ఇప్పటికీ మా ఆయన అనే అంటుంది, తిట్టేటప్పుడు మాత్రం.

టిల్డె శుక్రవారాలు సంచి మోసుకుని బస్సులో వంతెన దాటుతుంది. సంచి బరువుగానే ఉంటుంది, పుస్తకాలు, ఈత బట్టలు, చార్జరు. ఒక్కోసారి ఏదో ఒకటి అవతలి ఇంట్లో మర్చిపోతుంది. దానికి కూడా ఇద్దరూ ఫోన్లలో అరుచుకుంటారు. ఈమధ్య బుధవారాలు స్కూలు అవగానే మా ఇంటికి వస్తోంది. ఎందుకు వచ్చిందని నేను అడగను. వచ్చి బూట్లు విప్పి, అక్క ఒకప్పుడు పడుకున్న వెనకగదిలోకి వెళ్ళి, దుప్పటి కప్పుకుని రెండు గంటలు నిద్రపోతుంది. నేను బంగాళదుంపలు ఉడకబెట్టి లేపుతాను.

ఈ సంగతి తెలిసి అక్క, "నా ఇంట్లో గది ఉండగా మీ ఇంట్లో పడుకోవడమేంటి? నువ్వేం చెప్పావు దానికి?" అని ఫోనులో నిలదీసింది. నేనేం చెప్పలేదు అన్నాను. నమ్మలేదు. ఆ నెలంతా అక్క మా ఇంటికి రాలేదు.